ఒకే గోడను నలుగురూ చూస్తే...

మార్చిలో ఒక రాత్రి పదకొండు దాటాక మా అమ్మాయి ఫోన్ చేసింది. డార్మ్‌లో ఉండే పిల్లల దగ్గర్నుంచి ఆ వేళప్పుడు ఫోన్ వస్తే ఎంతటివాడికైనా ముందు గుండె ఝల్లుమంటుంది. "నాన్నా, ఎవరో గోడ జరిపేశారు" అంది. ఏ గోడో, ఎందుకు జరిపారో నాకు అర్థం కాలేదు. రెండో మాటకే గొంతు వణికింది. "జరిపింది నేనేనని అందరూ అంటున్నారు."

తను ఆర్కిటెక్చర్ మూడో ఏడు చదువుతోంది. డాలస్ శివారులోని మా ఇంటికి కారులో మూడు గంటల దూరం. ఆ సెమిస్టర్‌లో నలుగురు విద్యార్థులకు కలిపి ఒక ప్రాజెక్టు ఇచ్చారు. వయసు పైబడినవాళ్లు పొద్దున్నే వచ్చి, నలుగురితో కబుర్లు చెప్పుకుని, భోంచేసి, సాయంత్రానికి ఇల్లు చేరే చిన్న డే సెంటర్‌కి డిజైన్ చేయాలి. నలుగురూ ఒకే డిజిటల్ మోడల్ మీద పనిచేయాలి. మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ భవనం ఖాళీ హాల్లో అసలు సైజులో కళ్లముందు నిలబడుతుంది. దాని గోడను చేత్తో పట్టుకుని జరపొచ్చు. జరిగిన గోడ ఆ గోడే.

నడవా వెడల్పు ఆరడుగులని నలుగురూ కూర్చుని తేల్చుకున్నారు. జ్యూరీకి ఇంకా తొమ్మిది రోజులుందనగా చూస్తే నాలుగున్నర అడుగులే మిగిలింది. పక్కనున్న టాయిలెట్ గోడ అడుగున్నర నడవాలోకి వచ్చేసింది. దాన్ని పట్టుకుని తలుపులు, లైట్లు, పైకప్పు దూలాలు అన్నీ తప్పాయి.

ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ని. నాకు తోచిన మొదటి సలహా "వెర్షన్ హిస్టరీ చూడండమ్మా" అని. "చూశాం నాన్నా. నా పేరే ఉంది." ఆ రోజు ల్యాబ్‌లో రెండే హెడ్‌సెట్లు దొరికాయట. ఒకదాంట్లో తను లాగిన్ అయింది. తర్వాత అదే హెడ్‌సెట్‌ను మరో ఇద్దరు తలకు పెట్టుకుని చూశారు. లాగౌట్ చేయాలని ఎవరికీ తోచలేదు. పాస్‌వర్డ్ ఎవరితోనూ పంచుకోవద్దని ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లందరికీ పాఠం చెప్పేవాణ్ని, ఇంట్లో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

"ప్రొఫెసర్‌తో మాట్లాడి టీమ్ మారిపోతాను" అంది. శుక్రవారం ఇంటికి రమ్మన్నాను.

కంప్యూటర్ సైన్స్ రాలేదా?

ఆర్కిటెక్చర్ అంటే మనలాంటి ఇళ్లలో ఏం జరుగుతుందో ఈ పేజీ చదివేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. దీపావళి పార్టీలో ప్లేటు పట్టుకుని నిలబడితే మూడో ప్రశ్న అదే. "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" ఆర్కిటెక్చర్ అనగానే ఒక క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత "కంప్యూటర్ సైన్స్ రాలేదా?" లేదంటే "అంటే సివిలేగా!" కాదని చెప్పే ఓపిక మొదటి ఏడాదితోనే పోయింది.

నిజం ఒప్పుకోవాలంటే నాకూ ఒక దొంగ ఆశ ఉండేది. డిపార్ట్‌మెంట్ వాళ్లు తిప్పి చూపించిన రోజున మిక్స్‌డ్ రియాలిటీ ల్యాబ్ కనబడింది. అందులో పిల్లలు గేమ్ ఇంజిన్లతో కుస్తీ పడుతున్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఎటు తిరిగినా చివరికి మన దారిలోకే వస్తుందిలే అని మా ఆవిడతో కూడా అన్నాను. ఆ మాట అమ్మాయి చెవిన పడింది. "నేను కట్టాలనుకునేది యాప్ కాదు నాన్నా, ఇల్లు" అంది. ఆ తర్వాత నేను ఆ ఊసెత్తలేదు.

గాల్లో నిలబడే గది

మిక్స్‌డ్ రియాలిటీ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. వర్చువల్ రియాలిటీలో మన చుట్టూ ఉన్న లోకం మాయమై పూర్తిగా కంప్యూటర్ చూపించేదే కనిపిస్తుంది. మిక్స్‌డ్ రియాలిటీలో మన గది, మన బల్ల, ఎదురుగా ఉన్న మనిషి అలాగే కనిపిస్తూ, వాటి మధ్య లేని వస్తువు కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. 1994లో పాల్ మిల్‌గ్రామ్, ఫుమియో కిషినో అనే ఇద్దరు పరిశోధకులు ఈ మాటను స్థిరపరిచారు. ఒక గీత గీసి, ఒక కొసన మామూలు లోకాన్ని, రెండో కొసన పూర్తిగా కల్పించిన లోకాన్ని పెట్టి, నడుమ ఉన్నదంతా మిక్స్‌డ్ రియాలిటీ అన్నారు.

ఆలోచన మాత్రం ఇంకా పాతది. 1968లో ఐవాన్ సదర్లాండ్ తయారుచేసిన తొలి హెడ్‌సెట్‌ను పైకప్పు నుంచి వేలాడదీశారు. అందులోంచి ఎదురుగా ఉన్న గదీ కనిపించేది, దాని మీద గీతలతో గీసిన బొమ్మలూ కనిపించేవి. ఆ తొలి బొమ్మల్లో ఒకటి ఏమిటో తెలుసా? నాలుగు గోడలు, నేల, పైకప్పు ఉన్న ఒక గది. సాఫ్ట్‌వేర్ వాళ్లం ఈ యంత్రం మా సొత్తని అనుకుంటాం గానీ మొదటి రోజునుంచీ దాని కన్ను ఇంటి మీదే ఉంది.

ఆర్కిటెక్చర్ చదువుకు ఇదెందుకు? ఆ చదువంతా స్టూడియో చుట్టూ తిరుగుతుంది. పెద్ద హాలు, ఒక్కొక్కరికి ఒక్కో బల్ల. ప్రొఫెసర్ బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, మన డ్రాయింగ్ మీద పల్చటి కాగితం పరిచి, దాని మీద పెన్సిల్‌తో దిద్దుతారు. ఇక్కడ దాన్ని ట్రేస్ అంటారు. హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్న మా తమ్ముడి కూతురు బటర్ పేపర్ అంటుంది. ఆపైన జ్యూరీ. గోడకు డ్రాయింగులు అంటించి నిలబడితే నలుగురైదుగురు పెద్దలు అందరి ముందూ చీల్చి చెండాడతారు. మా అమ్మాయి మొదటి జ్యూరీ అయ్యాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఈ పద్ధతిలో ఎప్పటినుంచో ఒక చిక్కుంది. ప్లాన్ చదవడం ఒక విద్య. పావు అంగుళం ఒక అడుగని గీసిన బొమ్మలో నడవా వెడల్పు బొటనవేలంత ఉంటుంది. అందులో ఇద్దరు ఎదురెదురుగా వస్తే భుజాలు తగులుతాయో లేదో చెప్పడానికి ఏళ్ల అనుభవం కావాలి. రెండో ఏడు విద్యార్థికే అది రాదు. ఇక ఇల్లు కట్టించుకునేవాడికి ఎక్కడొస్తుంది? మేం ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు బిల్డర్ చూపించిన ప్లాన్‌కు నాలుగుసార్లు తలూపాను. డైనింగ్ టేబుల్ వేశాక కుర్చీ వెనక్కి లాగితే గోడకు తగులుతుందని గృహప్రవేశం రోజున తెలిసింది.

భవనం అసలు సైజులో ఎదురుగా నిలబడితే ఆ చిక్కు చాలావరకు విడిపోతుంది. ఒళ్లే కొలబద్ద అవుతుంది.

ఎవరి కళ్లతో చూస్తున్నాం?

నిలబెట్టడం కంటే, దాన్ని నలుగురికీ ఒకేలా చూపించడం కష్టం. 1992లో షికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు 'కేవ్' అనే గదిని తయారుచేశారు. గోడల మీదే బొమ్మలు పడతాయి కాబట్టి కొంతమంది కలిసి లోపలికి వెళ్లొచ్చు. అయితే కంప్యూటర్ గమనించేది ఒక్కరి తలనే. బొమ్మ సరిగ్గా కనిపించేది ఆ ఒక్కరికే. పక్కనున్నవాళ్లకు స్తంభాలు కాస్త వంగి, మూలలు కాస్త జారి కనిపిస్తాయి. కలిసి చూస్తున్నామనే అనుకుంటాం గానీ అందరం ఒకరి కళ్లతో చూస్తున్నాం.

నాకు బాగా నచ్చినది దానికి ఏడేళ్ల తర్వాత వచ్చింది. 1999లో ఎంఐటీలో జాన్ అండర్‌కాఫ్లర్, హిరోషి ఇషీ కలిసి 'అర్ప్' అనే బల్లను చూపించారు. తలకు ఏమీ పెట్టుకోనక్కర్లేదు. బల్ల మీద మామూలు భవనాల నమూనాలు పెడతారు. పైన అమర్చిన కెమెరా అవి ఎక్కడున్నాయో చూస్తుంది, ప్రొజెక్టర్ వాటి నీడల్ని బల్ల మీద వేస్తుంది. గడియారం ముల్లు తిప్పితే పొద్దు తిరిగి నీడలు జరుగుతాయి. భవనం జరిపితే దాని నీడ వెంటే వస్తుంది. గాలి ఎటు తిరుగుతుందో కూడా గీతలుగా కనిపిస్తుంది. చుట్టూ నిలబడ్డ అందరూ ఒకే నీడను చూస్తారు. ఎవరు చేయి చాపి నమూనాను జరిపారో కూడా అందరికీ కనిపిస్తుంది. ఇలాంటి బల్లనే తర్వాత అక్కడ ప్లానింగ్ విద్యార్థుల పాఠాల్లోనూ వాడారు.

ఆ చేయి కనిపించడంలోనే ఉంది కిటుకు. బల్ల మీద నమూనాను జరపబోతే పక్కవాడు "ఆగాగు, ఎందుకు?" అంటాడు. హెడ్‌సెట్ రోజుల్లో ఒకరు అర్ధరాత్రి ఒంటరిగా గోడ జరిపి వెళ్లిపోవచ్చు. పొద్దున్నే మిగతావాళ్లకు జరిగిన గోడే కనిపిస్తుంది.

దీని లోపలి పనితనం గురించి ఒక మాట, ఎందుకంటే మా వంటిల్లు అది. నాలుగు హెడ్‌సెట్లు ఒకే భవనాన్ని చూపించాలంటే ముందు నేల మీద ఒక బిందువును నాలుగూ ఒప్పుకోవాలి. ప్రతి హెడ్‌సెట్ తన కెమెరాలతో గదిని చూసి తనదైన పటం గీసుకుంటుంది. ఆ పటాలు ఒకదానితో ఒకటి కలవాలి. కొందరు గోడకు క్యూఆర్ కోడ్ అంటించి, అందరూ దాన్నే చూసి సరిచూసుకుంటారు. అయినా అటూ ఇటూ తిరుగుతున్నకొద్దీ కొంచెం కొంచెం జారుతుంది. మా అమ్మాయి టీమ్‌లో ఒకరోజు ఇద్దరు ఒకే స్తంభం వైపు వేలు చూపిస్తూ పదినిమిషాలు వాదించుకున్నారట. ఒకరి స్తంభానికీ మరొకరి స్తంభానికీ జానెడు తేడా ఉందని తర్వాత తెలిసింది.

రెండో ముడి, ఇద్దరు ఒకేసారి ఒకే గోడను పట్టుకుంటే ఎవరి మాట నెగ్గాలి? డేటాబేస్‌లో మాకిది రోజూ ఉండే తలనొప్పే. ఒకరు పట్టుకున్నంతసేపు ఇంకొకరు ముట్టుకోకుండా తాళం వేయొచ్చు. లేదా చివర రాసినవాడిదే రాతగా తీసుకోవచ్చు. బ్యాంకు ఖాతాకైతే ఏది మంచిదో నేను చెప్పగలను. గోడకు ఏది మంచిదో చెప్పలేను. కంప్యూటర్ ఏం జరిగిందో రాసుకుంటుంది. ఎందుకు జరిగిందో దానికి ఎవరూ చెప్పరు.

ముగ్గులో నిలబడి

శుక్రవారం రాత్రి అమ్మాయి ల్యాబ్ నుంచి ఒక హెడ్‌సెట్ అరువు తెచ్చుకుని వచ్చింది. జనవరి నుంచి మా అమ్మ మా దగ్గరే ఉంది. రెండేళ్ల కిందట గుంటూరులో మోకాలి ఆపరేషన్ అయింది. ఇంట్లో మెల్లగా నడుస్తుంది, బయటికి వస్తే వాకర్ పట్టుకుంటుంది. డే సెంటర్ ఎవరికోసమో ఆ మనిషే ఇంట్లో ఉంటే వేరే ఎవరినో అడగడమెందుకని, శనివారం పొద్దున్నే గ్యారేజీలోంచి కార్లు బయటపెట్టాం. ఎండలో హెడ్‌సెట్ సరిగ్గా పనిచేయదు, పైగా అద్దాల మీద నేరుగా ఎండ పడితే పాడవుతుంది. అందుకే గ్యారేజీ.

అమ్మ తలకు పెట్టుకుని రెండు నిమిషాలు ఉంది. "ఇదెవరిల్లే?" అని మనవరాలిని అడిగింది. చేయి చాపి గోడను తడమబోయింది. అక్కడేమీ లేకపోయేసరికి తూలింది. నేను పట్టుకున్నాను. "కళ్లు తిరుగుతున్నాయిరా, తీసెయ్" అంది. అర కిలో పైచిలుకు బరువు, కింద ఆమె కళ్లజోడు, ముడి మీద పట్టీ. డెబ్బై నాలుగేళ్ల మనిషికి అది పెట్టిన నాదే బుద్ధి తక్కువ.

కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగాక అమ్మే అంది. "దీనికింత హంగామా దేనికి? మనింటికి మేస్త్రి ముగ్గు పోసినట్టు పొయ్యండి."

1987లో రేపల్లె దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టారు. నేనప్పుడు రెండో తరగతి. పునాదులు తవ్వే ముందు తాపీమేస్త్రి మూలలకు మేకులు కొట్టి, దారం లాగి, దాని వెంట ముగ్గు పోశాడు. గదులన్నీ నేల మీద తెల్లగీతలై కనిపించాయి. అంతకుముందు నెలరోజులు ఇంజినీరు గీసిచ్చిన ప్లాన్ నాన్న చేతిలోనే ఉంది. కచేరీలో పనిచేసే మామయ్య, సర్పంచి, పక్కింటాయన అందరూ చూశారు. అమ్మకు ఎవరూ చూపించలేదు. "చూపించినా నాకేం తెలుస్తుందిరా ఆ గీతలు" అంది మొన్న. ముగ్గు పోశాక మాత్రం ఆమె వంటింట్లోకి వెళ్లి నిలబడిందట. పొయ్యి దగ్గర కూర్చున్నట్టు కూర్చుని చూసింది. చేయి చాపితే దొడ్డివాకిలి తలుపు తగిలేలా ఉంది. "ఇక్కడ తలుపు తెరిస్తే గాలికి పొయ్యి ఆరిపోద్ది" అంది. అత్తగారు కూడా తోడొచ్చి, రోలు ఎక్కడ పెడతావని మేస్త్రిని అడిగింది. నాన్న కాసేపు గొణిగి, చెప్పుతో ఒక గీత చెరిపేశారు. మేస్త్రి మళ్లీ పోశాడు. ఆ ఇంట్లో దొడ్డివాకిలి ఇప్పటికీ పడమటి మూలనే ఉంది.

నేను ఈ కథ ఇంతకుముందు వినలేదు. అమ్మాయైతే నోట్‌బుక్ తెచ్చుకుని రాసుకుంది.

మధ్యాహ్నం మా డ్రైవ్‌వే మీద పిల్లలు బొమ్మలేసుకునే రంగు సుద్దలతో నడవా, టాయిలెట్, స్టోర్‌రూమ్ అసలు కొలతల్లో గీశాం. అమ్మ వాకర్‌తో నాలుగున్నర అడుగుల నడవాలో నడిచింది. ఎదురుగా మా ఆవిడను షాపింగ్ కార్ట్ లాంటి బండి తోసుకుంటూ రమ్మన్నాం. ఇద్దరూ మధ్యలో ఆగిపోయారు. ఎవరో ఒకరు వెనక్కి వెళ్లాలి. అమెరికా వికలాంగుల చట్టం లెక్కలో రెండు చక్రాల కుర్చీలు పక్కపక్కన పట్టాలంటే 60 అంగుళాలు కావాలి. ఇక్కడ 54 ఉన్నాయి. ఆ అంకె అమ్మాయికి పరీక్ష కోసం కంఠతా వచ్చు. కానీ నానమ్మ వాకర్ గీత దాటి పచ్చికలోకి వెళ్లినప్పుడు దాని మొహం చూడాలి.

"ఇంత పొడుగు నడవాలో కూర్చోడానికేం లేదేమే?" అని అమ్మ ఇంకో ప్రశ్న వేసింది. అదీ నోట్‌బుక్‌లోకి ఎక్కింది.

ఆదివారం టీమ్‌లోని మిగతా ముగ్గురిలో ఇద్దరు వచ్చారు. ఒకమ్మాయిది ఫోర్ట్ వర్త్, అబ్బాయిది మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మొదట్లో ముగ్గురూ ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు. అమ్మ పెట్టిన పెసరట్లు తిన్నాక కాస్త మెత్తబడ్డారు. సుద్దగీతల మధ్య నిలబడినప్పుడు ఆ అబ్బాయి ఉన్నట్టుండి "గోడ జరిపింది నేనే కావచ్చు" అన్నాడు. టాయిలెట్‌లో చక్రాల కుర్చీ తిరగడానికి 60 అంగుళాల వలయం పట్టలేదట. వాళ్ల తాతయ్య చక్రాల కుర్చీలోనే ఉంటారు. టాయిలెట్‌లో తిప్పుకోలేక ఆయన పడే అవస్థ ఇంట్లో చూస్తూ పెరిగాడు. ఆ రాత్రి హెడ్‌సెట్‌లో చూస్తే ఇరుకనిపించింది, గోడను నడవాలోకి తోశాడు. చెబుదామనుకుని మర్చిపోయాడు. పొద్దున్నే మా అమ్మాయి పేరు మీద గొడవ మొదలయ్యేసరికి నోరు పెగల్లేదు.

అప్పుడు మా అమ్మాయి కోపంతో లేచి లోపలికి వెళ్లిపోయింది. పావుగంట బయటికి రాలేదు. అలా వెళ్లిపోకుండా క్షమించేసి ఉంటే కథకు బాగుండేదేమో గానీ, జరిగింది మాత్రం అది. ఫోర్ట్ వర్త్ అమ్మాయి వెళ్లి తీసుకొచ్చింది.

ఇద్దరి కొలతా సరైనదే. నడవాకు ఆరడుగులు కావాలి, టాయిలెట్‌కు అడుగున్నర కావాలి. కారణాలు రెండూ ఒకేసారి డ్రైవ్‌వే మీద నిలబడేసరికి దారి కూడా అక్కడే కనిపించింది. టాయిలెట్‌కు అవతలి వైపున్న స్టోర్‌రూమ్‌లోంచి అడుగున్నర తీసుకున్నారు. చీపుర్లు, మడత కుర్చీలు పెట్టుకునే గది కాబట్టి దాని లోతు తగ్గినా నష్టం లేదు. అబ్బాయి కాలితో పాత గీత చెరిపి కొత్తది గీశాడు. మా అమ్మ నా వంక చూసింది.

పిల్లల్ని చేర్చే ముందు

కాలేజీకి వెళ్లాక వాళ్లు మూడు నియమాలు పెట్టుకున్నారు. ఎవరి హెడ్‌సెట్‌లో వాళ్ల పేరుతోనే లాగిన్ కావాలి. ఏది జరిపినా ఎందుకో ఒక వాక్యం ఆ గోడకే అంటించాలి. హెడ్‌సెట్‌తో చూసిన ప్రతిసారీ చివర్లో బల్ల చుట్టూ కూర్చుని ట్రేస్ కాగితం మీద ఆ రోజు మార్పులు చేత్తో గీయాలి. మూడోది మా అమ్మాయి ఆలోచన. పాత గీత కొత్త కాగితం కింద లీలగా కనిపిస్తుంది కదా, మోడల్‌లో అది ఉండదు అంది.

ఈ పరికరాల గురించి పిల్లల్ని ఆర్కిటెక్చర్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు, సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి. నేను చెప్పేది ఇంతే. హెడ్‌సెట్ ఇంటికి కొనకండి. 2019లో ప్రకటించిన హోలోలెన్స్ రెండో తరం ధర 3,500 డాలర్లు. దాని చుట్టూ పాఠాలు అల్లుకున్న కాలేజీలు చాలా ఉన్నాయి. 2024లో మైక్రోసాఫ్ట్ దాని తయారీ ఆపేసింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన యాపిల్ విజన్ ప్రో 3,499 డాలర్లు. మెటా క్వెస్ట్ 3 మాత్రం 2023లో 499 డాలర్లకు వచ్చింది. నాలుగేళ్ల తర్వాత ఇందులో ఏది మిగులుతుందో చూసుకుని కొనేంత తొందర మనకు లేదు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు హెడ్‌సెట్లు ఎన్ని ఉన్నాయో అడగండి. దాంతోపాటు చెక్కపని, ఇనప్పని చేసే వర్క్‌షాపు రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో కూడా అడగండి. రెండో జవాబుకే ఎక్కువ విలువిస్తాను.

ఇంకొకటి, దీనికి హెడ్‌సెట్‌తో సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఇక్కడ ఆర్కిటెక్ట్‌గా లైసెన్సు కోసం మామూలు దారి నాబ్ గుర్తింపు ఉన్న డిగ్రీ. అంటే సాధారణంగా ఐదేళ్ల బి.ఆర్క్ లేదా ఎం.ఆర్క్. పేరులో ఆర్కిటెక్చర్ ఉన్న నాలుగేళ్ల బీఎస్ ఒక్కటీ ఆ లెక్కలోకి రాదు. ఆపైన 3,740 గంటల అనుభవం, ఆరు పరీక్షలు. మేం ఇది చేరాక తెలుసుకున్నాం.

ఈ విద్య కట్టడం దగ్గరికి కూడా వెళ్తోంది. 2019లో టాలిన్ ఆర్కిటెక్చర్ బియెన్నాలేలో 'స్టీంపంక్' అనే పెవిలియన్ నిలబెట్టారు. ఆవిరి పట్టి వంచిన చెక్కలతో, రోబోలు లేకుండా మామూలు చేతి పనిముట్లతోనే కట్టారు. చెక్క ఎంత వంగాలో హెడ్‌సెట్‌లో కనిపించే ఆకారాన్ని చూసి వంచారు. దాని వెనకున్న ఆస్ట్రేలియా సంస్థ ఫోలోగ్రామ్ సాఫ్ట్‌వేర్‌తోనే టాస్మేనియాలోని హోబర్ట్‌లో తాపీపనివాళ్లు హెడ్‌సెట్ పెట్టుకుని, ఆసుపత్రి ఆవరణలో మెలికలు తిరిగిన ఇటుక గోడలు కట్టారు. ఆ మాట చెబితే అమ్మ ఆసక్తిగా వింది. "దారం అక్కర్లేదన్నమాట" అంది.

జ్యూరీ రోజు

జ్యూరీకి తల్లిదండ్రుల్ని రానిస్తారు. నేను వెనక వరసలో నిలబడ్డాను. జ్యూరీలో ఒకాయన హెడ్‌సెట్ పెట్టుకుని నడవాలో నడిచారు. మధ్యలో బల్ల చూసి బాగుందన్నారు. గోడ మీద అంటించిన వాక్యాలు చదివారు. "ఇక్కడ తాతయ్య కుర్చీ తిరగాలి" అన్నది చదివి ఎవరి తాతయ్య అని అడిగారు. అబ్బాయి చెయ్యెత్తాడు.

గోడ గొడవ ముగిసింది కదా అనుకుంటుండగా, పక్కనున్న ఆవిడ భోజనాల గది చూసి ఒక ప్రశ్న వేశారు. పడమటి వైపు అంత పెద్ద అద్దం పెట్టారు, ఆగస్టులో సాయంత్రం నాలుగింటికి ఇక్కడ ఎవరు కూర్చోగలరు? టెక్సస్ ఎండ సంగతి తెలిసిన నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. హెడ్‌సెట్‌లో ఆ గది ఎప్పుడు చూసినా చల్లగానే ఉంది మరి. జవాబు లేదు. వచ్చే వారానికి నీడ లెక్కలు చేసుకుని రమ్మన్నారు.

తిరుగు ప్రయాణంలో అమ్మాయి కార్లో నిద్రపోయింది. దారిలో అమ్మకు ఫోన్ చేశాను. మార్కులెన్ని వచ్చాయని అడగలేదు.

"నడవాలో బల్ల వేశారా?" అంది.

"రెండు వేశారమ్మా."

"వెనక్కి ఆనుకునేలా వేశారా, లేదా?"

ఆ సంగతి నేను చూడలేదు. అమ్మాయి లేచాక అడిగి చెప్తానన్నాను.